అద్దానికి తలంటు పోసిన సుబ్బరత్నమ్మ

గండికోట కొండలు పడమట నీలంగా కనిపించే నల్లరాళ్లపల్లెలో పొద్దున లేస్తూనే ఎవరు ఏ పని మీద ఉంటారో ఊరందరికీ తెలిసిందే. మగవాళ్లు ఎద్దులకు సొప్ప వేస్తుంటారు. ఆడవాళ్లు వాకిట్లో పేడనీళ్లు చల్లుతుంటారు. నాపరాతి గనుల్లో పనిచేసేవాళ్లు సుత్తులు భుజాన వేసుకొని పెన్న వైపు నడుస్తుంటారు. సుబ్బరత్నమ్మ మాత్రం తన ఇంటి పడసాలలో నిలువుటద్దం ముందు నిలబడి, నోరంతా తెరిచి, "హా" అని ఊపిరి వదులుతూ ఉంటుంది.

కొత్తగా ఆ ఇంటికి వచ్చిన చుట్టాలు ఆవిడ గొంతులో ఏదో అడ్డం పడిందనుకొని నీళ్లచెంబు అందించబోయేవారు. అత్త కృష్ణవేణమ్మ మంచం మీద నుంచే వాళ్లను వారించేది. "దానికేం కాలేదు లేమ్మా. మొగునికన్నా ముందు ఆ అద్దాన్ని పలకరించాల. అది మా ఇంట్లో వాడిక."

ఊపిరి ఆవిరికి మసకబారిన చోట నలిగిన పాత పంచె గుడ్డతో గుండ్రంగా తుడిచేది సుబ్బరత్నమ్మ. పక్కనే చిన్న చిప్పలో విభూది ఉండేది. దేవుడి దగ్గర పెట్టుకునే విభూదే, కాని పలచటి గుడ్డలో జల్లించి మైదాపిండి కన్న మెత్తగా చేసుకున్నది. గరుకు పలుకు ఒక్కటి ఉన్నా గీత పడుతుందని ముందుగా రెండు వేళ్ల మధ్య నలిపి చూసుకునేది. ఆడవాళ్లు బొట్టు పెట్టుకుంటూ అంటించిన మైనపు మరకలు గోటితో గీకకూడదు, చుక్క కిరసనాయిలు ముట్టించి తీయాలి. ఈగల మచ్చలకు ఉమ్మి తడి చాలు. లాంతరు పొగ చూరుకు పాత వార్తాపత్రికను మించింది లేదు, అందులో ఏ మంత్రి ఉపన్యాసం ఉన్నా సరే, నలిపి రుద్దితే పని చేస్తుంది. ఇవన్నీ ఆవిడకు ఎవరూ నేర్పినవి కావు. ప్రేమ కొద్దీ చేస్తూ చేస్తూ కనిపెట్టుకున్నవి.

అంత ప్రేమ ఒక గాజుపలక మీద ఎందుకు కలిగింది అంటే, ఆవిడ పెళ్లి దాకా వెనక్కి పోవాలి. చాపాడు దగ్గర పల్లెటూరు ఆవిడ పుట్టిల్లు. పెళ్లినాడు తలంటు పోసి, కొత్తచీర కట్టి, జడ వేసి, నగలు పెట్టి, బుగ్గన చుక్క పెట్టి, చుట్టూ చేరిన ఆడవాళ్లందరూ ఆహా ఓహో అన్నారు. ఎట్లా ఉన్నానో చూసుకుంటానని ఆ పిల్ల అడిగింది. ఇంట్లో ఉన్నది అరచేతి అద్దం. అందులో ఒకసారి కన్ను కనిపించింది, ఒకసారి ముక్కుపుడక కనిపించింది, ఒకసారి చెవి కనిపించింది. ఈ ముక్కలన్నీ కలిస్తే ఎట్లాంటి మనిషి అవుతుందో ఊహించుకునే లోపలే మేళం మొదలైంది, పీటల మీదికి లాక్కుపోయారు. అంతే. ఊరంతా చూసిన పెళ్లికూతురిని ఆమె ఒక్కతే చూడలేదు.

తరువాత ఎన్నో యేండ్లకు, తెల్లదొరలు మూటాముల్లె సర్దుకొని పోతున్న రోజుల్లో, కడపలో ఒక దొర బంగళా సామాను వేలం వేశారు. ఆవిడ భర్త ఓబుళరెడ్డి ఆ వేలానికి పోయింది మంచి జీను ఒకటి దొరుకుతుందని. గుర్రం లేని మనిషికి జీను ఎందుకన్నది వేరే సంగతి. జీను ఇంకెవరో పాడుకుపోయారు. ఉత్తచేతులతో ఇంటికి పోవడం ఇష్టం లేక ఓబుళరెడ్డి గోడకు ఆనించి ఉన్న నిలువుటద్దాన్ని పాడాడు. టేకు చట్రం, పైన ఎదురెదురుగా నిలబడిన రెండు నెమళ్లు, వాటి తోకలు చట్రం రెండు పక్కలా జారి కిందికి దిగుతాయి. దాన్ని వరిగడ్డిలో చుట్టి బండి ఎక్కిస్తున్నప్పుడు ఆ బంగళా బట్లరు దగ్గరికి వచ్చి ఏదో జాగ్రత్త చెప్పాడు. ఓబుళరెడ్డి అన్నిటికీ తల ఊపాడు. ఎద్దు ఒకటి కుంటుతున్నదని అతని మనసంతా దాని గిట్ట మీద ఉంది.

అద్దాలకు పెద్ద చరిత్రే ఉంది. పూర్వం వెనిసు అనే నీళ్ల నగరంలో అద్దాలు చేసేవాళ్లను ఒక దీవిలో పెట్టి, ఆ విద్య బయటికి పొక్కితే ప్రాణం దక్కదని బెదిరించేవారట. రాజులు కోట్లకు కోట్లు ఖర్చుపెట్టి గోడల నిండా అద్దాలు బిగించుకున్నారట. ఇన్ని తంటాలు పడి ఆ రాజులు చూసుకున్నది ఏమిటి అంటే, వాళ్ల మొహాలే. గాజు వెనక పూసిన ఆ తళుకు పూతను మనవాళ్లు రసం అన్నారు. పాదరసం వాడిన రోజుల నాటి మాట అది, తరువాత వెండి పూతలు వచ్చినా పేరు మారలేదు. రసం ఉన్నంత వరకే అది అద్దం. రసం పోతే కిటికీకి తప్ప ఎందుకూ పనికిరాదు.

నల్లరాళ్లపల్లెకు అద్దం వచ్చిన యేడే ఎదురింటి పిల్ల పెళ్లి జరిగింది. సుబ్బరత్నమ్మ పోయి ఆ పిల్లను చేయి పట్టుకొని తీసుకొచ్చి అద్దం ముందు నిలబెట్టింది. ఆ పిల్ల కదలలేదు. పందిట్లో పురోహితుడు కేకలు పెట్టేదాకా అట్లాగే చూస్తూ నిలబడింది. అప్పటి నుంచి ఆ ఊళ్లో అది పెళ్లితంతులో ఒక భాగమైపోయింది. మంగళస్నానం అయినాక, పందిట్లోకి పోయే ముందు, పెళ్లికూతురు ఓబుళరెడ్డి మిద్దెకు పోయి తల నుంచి కాళ్ల దాకా తనను తాను చూసుకోవాలి. కోమట్లు, కంసాలులు, బోయలు, కురబలు, ఎవరింటి పెళ్లికైనా సరే. పెళ్లి ముందు రోజు సుబ్బరత్నమ్మ అద్దానికి చేసే సేవ చూడాలి. మధ్యాహ్నం పూట పిచ్చుక ఒకటి వచ్చి అద్దంలోని పిచ్చుకతో ముక్కు పగిలేట్టు జగడం పెట్టుకునేది. దానికి అడ్డంగా చీర కట్టేది. "దానికేమో శత్రువు, నాకేమో చాకిరీ," అని పిచ్చుకకు వినపడేట్టు చెప్పేది.

అయితే ఒక సంగతి ఉంది. ఊరవతల వాగు గట్టున పల్లె ఉంది. అక్కడివాళ్లు తరతరాలుగా రెడ్ల చేలల్లో పనిచేసేవాళ్లు, ఈ మధ్య కొన్ని దశాబ్దాలుగా క్రీస్తు గుడికి పోతున్నవాళ్లు. ఆ పల్లె నుంచి ఏ పెళ్లికూతురూ అద్దం చూసుకోవడానికి రాలేదు. రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. గడప దాటకపోవడం అందరికీ అంతగా అలవాటైపోయి, అది లోటని ఎవరికీ తోచలేదు.

తోచింది కృపమణికి. ఆ పల్లె విశ్వాసమ్మ కూతురు, నోటి మాటకు తడుముకునే రకం కాదు. ఓబుళరెడ్డి వేరుశనగ చేలో కలుపు తీస్తూ ఒకనాడు సుబ్బరత్నమ్మనే అడిగేసింది.

"రెడ్డెమ్మా, ఊర్లో పెండ్లికూతుర్లందరూ నీ అద్దంలో చూసుకుంటాండారు గదా. మా పల్లె పిల్లోల్లు చూసుకుంటే అది అరిగిపోతాదా?"

చేలో చేతులన్నీ ఆగిపోయాయి. విశ్వాసమ్మ కూతురి వీపు మీద ఒకటి వేసింది. "నోర్ముయ్యే. ఎవురితో ఏం మాట్లాడతాండావు?"

సుబ్బరత్నమ్మ గట్టు దిగి ఆ పిల్ల దగ్గరికి నడిచింది. కోపం వచ్చి కాదు. ఇన్నేండ్లు తనకు ఈ మాట ఎందుకు తట్టలేదా అని.

"నీకు పెండ్లెప్పుడే?" అని అడిగింది.

"ముద్దనూరు పక్క సంబంధం చూస్తాండారు. శనక్కాయ పీకినంక అంటాండాడు మా నాయన."

"ఆ పొద్దున్నే నేరుగా మా ఇంటికి రా. నీకు అద్దం చూపించే పూచీ నాది. ఈడున్నోల్లందరూ సాచ్చికం."

మాట ఇచ్చిన వేడిలో ఇంటికి పోయి అత్తకు చెప్పింది. కృష్ణవేణమ్మ వక్క కొరుకుతూ విన్నది.

"పడసాల్లోకా?"

"లేదులే అత్తా. అద్దాన్నే వసారాలోకి దించుకుంటాం."

"అట్లయితే సరే. అద్దానికి కులమేముండాది," అన్నది ఆ ముసలామె. తనకు ఉన్నదని చెప్పకనే చెప్పినట్టు.

ఇదంతా కరువు రోజుల మాట. వరసగా వానలు పోయి, శనక్కాయ చేలోనే ఎండి, కృపమణి పెళ్లి మరుసటి పంటకు వాయిదా పడి, గంజికేంద్రాల ముందు జనం మట్టిముంతలు పట్టుకొని కూర్చున్న రోజులు. బావిలో నీళ్లు అడుగంటితే చేద వేసి బురద తోడుకున్నారు. స్నానం చేసిన నీళ్లు గోలెంలో పట్టి బర్రెలకు తాపారు. అప్పుడు కూడా సుబ్బరత్నమ్మ అద్దం మెరుస్తూనే ఉంది, ఊపిరికీ విభూదికీ నీళ్లు అక్కర్లేదు కాబట్టి.

ఆ తరువాత కర్నూలు రాజధాని అయిన యేడు వానలు కురిశాయి. మామూలుగా కాదు, పెన్న గట్లు ఒరుసుకొని పారింది, బావి వంగి ముంచుకునేంత ఎత్తుకు వచ్చింది. ఊరికి మతి పోయింది. ముసలివాళ్లు పని లేకపోయినా బావిగట్టు మీద కూర్చొని నీళ్లను చూస్తూ ఉన్నారు. ఆయుధపూజ వచ్చింది. నాలుగు చినుకులకు ముఖం వాచిన సీమలో ఒక వస్తువును గౌరవించాలంటే నీళ్లు పోయడాన్ని మించిన మర్యాద లేదు. ఎద్దులకు పోశారు, బండికి పోశారు, నాగలికి, గుంటకకు, రోలుకు, రోకలికి, తిరగలికి పోశారు. ఓబుళరెడ్డి చేతికర్రకు కూడా పోశాడు. సుబ్బరత్నమ్మ పడసాలలోకి వచ్చి చూస్తే, ఇంట్లో స్నానం కాని వస్తువు ఒక్కటే మిగిలింది.

ఇన్నేండ్లు దీనికి బొట్టు పెట్టి ఊరుకున్నాను కదా, పాపం దుమ్ము మొహంతోనే పండగలన్నీ గడిపింది కదా అని ఆవిడ మనసు కరిగింది. పనివాళ్లను పిలిచి అద్దాన్ని బావిగట్టు మీద నాపబండ మీదికి దించింది. పసుపు కలిపిన నీళ్లు మొదట, మంచినీళ్లు తరువాత, ముందూ వెనకా బిందెలకు బిందెలు పోసింది. నెమళ్ల తోకల సందుల్లో దుమ్మును గుడ్డకొనతో తీసి మళ్లీ పోసింది. అక్కడ నీళ్లు నిలబడతాయేమోనని, అన్నీ కారిపోయేట్టు అద్దాన్ని తలకిందులుగా గోడకు ఆనించి, సాయంత్రం దాకా ఆరబెట్టింది.

శాస్త్రం చూస్తే ఆవిడ చేసింది పూర్తిగా తప్పని చెప్పలేం. అభిషేకానికి తగని మూర్తులు ఉన్న గుళ్లలో ఎదురుగా అద్దం పెట్టి, అందులో కనిపించే దేవుడి మీద నీళ్లు పోస్తారు. దేవుడికి ఒళ్లు తడవదు, స్నానమూ జరిగినట్టే. కాని ఆ గుడి అద్దాలు కంచువి. కంచుకు నీళ్లంటే భయం లేదు.

పండగ అయిన వారానికో పదిరోజులకో నెమళ్ల కింద ఆవగింజల్లాంటి చుక్కలు కనిపించాయి. ఈగలనుకొని గుడ్డ తడిపి రుద్దింది. పోలేదు. చుక్కలు మినుములయ్యాయి, మినుములు కలిసి పొడలయ్యాయి. వెనక చెక్క సందుల్లోంచి చేప పొలుసుల్లాంటివి రాలి నేల మీద మెరిశాయి. శనక్కాయ పీకే నాటికి నెమళ్ల నుంచి మూరెడు కిందికి నల్లగా దిగింది. ఎవరు ఎదురుగా నిలబడినా మెడ నుంచి కాళ్ల దాకా బాగానే కనిపించేవారు. పైన మొహం ఉండవలసిన చోట మబ్బు.

ఓబుళరెడ్డి ఒకనాడు మీసం దిద్దుకోవడానికి వచ్చి, తలలేని మొండెం చూసి వెనక్కి గెంతాడు. తరువాత ఏదో గుర్తుకు వచ్చినట్టు మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"మే, ఆ వేలం కాడ బట్లరు ఒక మాట చెప్పినాడు."

"ఏం చెప్పినాడు?"

"నీళ్లు తగలనీయొద్దండి రెడ్డిగారూ, వెనక పక్క అసలే తగలనీయొద్దు అని."

"ఎప్పుడు చెప్పినాడు?"

"కొన్నప్పుడే."

సుబ్బరత్నమ్మ భర్త వైపు చూసింది. "ఎద్దు గిట్టకు ముల్లు గుచ్చుకున్న సంగతి ఇంటికొచ్చినాక మూడుతూర్లు చెప్పినావే. ఇదొక్కటి నోట్లో యాడ ఇరుక్కుపోయింది?"

"నువ్వు తుడిచేది చూస్తే నీకే తెలుసనుకున్న్యా," అని ఓబుళరెడ్డి గొడ్ల కొట్టం వైపు నడిచాడు. ఆ రోజంతా అక్కడే పని చూసుకున్నాడు.

ఆవిడ బాధ అద్దం చెడిపోయినందుకు కాదు, అంతమంది ముందు కృపమణికి మాట ఇచ్చినందుకు. సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు దావీదురాజు, ముద్దనూరు రైలుస్టేషను దగ్గర పనిచేస్తున్నాడు. క్రిస్మస్ అయిన వెంటనే పెళ్లి. ఊళ్లో ఇంతమంది పిల్లలకు నిండుగా కనిపించిన అద్దం, పల్లె నుంచి మొదటి పిల్ల వచ్చేసరికి మొండెం చూపిస్తుందా? నలుగురూ ఏమంటారు? నలుగురి మాట అట్లా ఉంచి, ఆ పిల్ల ఏమనుకుంటుంది? కావాలనే చేశారనుకోదా?

మస్తాన్ సాయిబు గిన్నెలకు కళాయి వేయడానికి ఊళ్లోకి వస్తే అతన్ని లోపలికి పిలిచి అద్దం చూపించింది. సాయిబు కళ్లజోడు పెట్టుకొని వెనక చెక్క సందులోంచి వంగి చూశాడు, మెల్లగా వేలితో తట్టాడు. ఇంకో రెండు పొలుసులు రాలాయి.

"అమ్మా, ఇది తగరం కాదు, వెండినీళ్ల పని. నేను వేసేది గిన్నెలకు. దీన్ని కొలిమి మీద పెడితే పటుక్కుమని పగుల్తాది."

"మద్రాసులో వేస్తారంట గదా. రైల్లో పంపిస్తే?"

"పంపండి. ఆడికి చేరేలోపల కిటికీ అద్దం అయిపోతాది. కదిపిన కొద్దీ రాల్తాది తల్లీ. గోడ మీద ఉన్నదాన్ని అట్లనే ఉండనీయండి. మిగిలిందన్నా దక్కుతాది."

అంటే వసారాలోకి దించే మాట కూడా పోయిందన్నమాట. ఆ సాయంత్రం సుబ్బరత్నమ్మ అద్దం మీద నల్లకంబళి కప్పేసింది. పిచ్చుక రెండు రోజులు వచ్చి చూసి, శత్రువు పారిపోయిందనుకొని, దూలం మీద కూర్చొని గర్వంగా అరిచి పోయింది.

పెళ్లి రేపో ఎల్లుండో అనగా విశ్వాసమ్మ వచ్చి, ఎప్పటిలాగే వాకిట్లో దూరంగా నిలబడింది. అద్దం సంగతి అప్పటికే పల్లెకు చేరింది.

"రెడ్డెమ్మా, నువ్వు మనసులో ఏం పెట్టుకోవద్దు. అద్దానికి జబ్బు చేసిందని మా పాపకు చెప్పినా. అది సరేనన్నది."

"ఏమన్నది? నిజం చెప్పు."

విశ్వాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వు ఆపుకుంది. "మనం చూడకముందే అరిగిపోయిందే అమ్మా అన్నది."

ఆ మాట సుబ్బరత్నమ్మను కుదురుగా ఉండనీయలేదు. ఆమె పోగానే లోపలికి వచ్చి కంబళి లాగి పడేసింది. ఏమీ తోచనప్పుడు ఆవిడ చేతులు చేసే పని ఒక్కటే. పంచె గుడ్డ తీసుకుంది, విభూది చిప్ప తీసుకుంది. పైన రుద్దితే ఇంకా రాలుతుందని భయపడి, ఈసారి కిందనుంచి మొదలుపెట్టింది. అద్దం కింది అంచు మోకాలి ఎత్తున, గోడకు కొట్టిన రెండు కొయ్యమేకుల మీద ఆనుకొని ఉంటుంది. పైన నెమళ్ల తలలు దూలానికి తగులుతూ ఉంటాయి. ఆ కింది భాగాన్ని ఎప్పుడూ పైపైన తుడిచి వదిలేసేదే. అందులో చీర కుచ్చెళ్లు, కాలివేళ్లు తప్ప ఏమీ కనిపించవు కనుక.

చతికిలబడి కూర్చొని "హా" అని ఊపిరి వదిలి, గుడ్డతో తుడిచింది. మసక విడిపోయి, ఎదురుగా ఒక మొహం కనిపించింది. నిండుగా, ఒక్క చుక్క లేకుండా, కనుబొమల మధ్య బొట్టు చెదిరిన సంగతి కూడా తెలిసేంత స్పష్టంగా. ఆవిడ ఆ మొహాన్ని చూసింది. పైకి చూసి నెమళ్లను చూసింది. మళ్లీ కిందికి చూసింది.

"అత్తా, నీ కొడుకును పిలువు."

ఓబుళరెడ్డి వచ్చాడు. విషయం విని నెత్తి గోక్కున్నాడు. "తలకిందులు చేస్తే నెమళ్లు తలకిందులైతాయి గదా."

"అయితే అవనీ. వాటికేం తల తిరుగుతాదా?"

"కదిపితే రాల్తాదని సాయిబు చెప్పినాడు."

"దించే పన్లే, మోసే పన్లే. ఉన్నచోటనే తిప్పుదాం. పసిబిడ్డను పక్క మార్చినట్టు."

పైన కట్టిన తాడు విప్పి, నలుగురు నాలుగు మూలలా పట్టుకొని, ఊపిరి బిగబట్టి, గోడకు ఆనించే ఉంచి మెల్లగా తిప్పారు. రెండు పొలుసులు రాలాయి, అంతే. నెమళ్లు కొయ్యమేకుల మధ్య తలలు నేల వైపు పెట్టి, తోకలు ఆకాశానికి ఎత్తి నిలబడ్డాయి. సుబ్బరత్నమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. తల కనిపించింది, భుజాలు కనిపించాయి, నడుము కనిపించింది. అంతలోనే నీరుగారిపోయింది.

"కాళ్లు పోయినాయి," అన్నది. "పారాణి కనపడదు, కాలిగొలుసులు కనపడవు. నిలువుగా చూపిస్తానని చెప్పి సగం చూపిస్తే ఏం మర్యాద?"

కృష్ణవేణమ్మ అంతసేపూ మంచం మీద కూర్చొని ఈ సర్కసు చూస్తూ ఉంది. వక్క బుగ్గన పెట్టుకొని అన్నది. "కాళ్లు చూసుకోవాలంటే తల వంచితే చాలు గదమ్మీ, దానికి అద్దమెందుకు? చేతులు కనపడతాయి, కడుపు కనపడతాది. మన మొగమొకటే గదా దేవుడు మనకు కనపడకుండా పెట్టింది. అది చూపించు, చాలు."

సుబ్బరత్నమ్మ తిరిగి అత్తను చూసింది. "అద్దాన్ని వసారాలోకి తీసుకుపోయేదానికి లేదత్తా. ఆ పిల్లే లోపలికి రావాల."

ముసలామె వక్క నమలడం ఆపి, అద్దం వైపు చూసింది, గడప వైపు చూసింది.

"రానీ," అన్నది చివరికి. "వస్తే ఏమన్నా మిద్దె కూలుతాదా? అంత వానకే కూలలేదు."

పెళ్లినాడు పొద్దున్నే పల్లె నుంచి డప్పులతో, పాటలతో ఆడవాళ్లు బయలుదేరారు. మధ్యలో తెల్లచీర, తలనిండా బంతిపూలతో కృపమణి. మిద్దె ముందు వరకు హోరుగా వచ్చినవాళ్లు వాకిలి దగ్గర ఠక్కున ఆగిపోయారు. డప్పులు కూడా ఆగాయి. విశ్వాసమ్మ కూతురి చేయి గట్టిగా పట్టుకుంది.

లోపలి నుంచి కృష్ణవేణమ్మ గొంతు వినిపించింది. "ఏమే, ఆడనే నిలబడినారు? అద్దం ఎగిరొస్తాదా మీ కాడికి?"

సుబ్బరత్నమ్మ వాకిలి దిగి వచ్చి, కృపమణి రెండో చేయి పట్టుకొని గడప దాటించింది. పడసాలలో తూర్పు కిటికీ వెలుగు అద్దం మీద పడుతున్నది. ముందు రోజంతా రుద్దిన రుద్దుడుకు గాజు ఉన్నట్టే లేదు, పక్కనే ఇంకో పడసాల ఉన్నట్టు ఉంది.

కృపమణి కళ్లు మొదట నెమళ్ల మీద పడ్డాయి. పిల్ల ఫక్కున నవ్వింది. "రెడ్డెమ్మా, నేను వస్తాండానని పిల్లిమొగ్గలేస్తాండాయా ఇవి?"

నవ్వుతూనే తల ఎత్తింది. అద్దంలో ఎత్తైన మనిషి ఒకతె నవ్వుతూ కనిపించింది. కృపమణి నవ్వు ఆపింది, ఆమె కూడా ఆపింది. చీర అంచు సర్దుకుంది. పక్కకు తిరిగింది. మళ్లీ ఎదురుగా తిరిగి దగ్గరికి పోయి, మెడ వంచి చెవి కింద చూసుకుంది.

"అమ్మా, నాకు ఈడ పుట్టుమచ్చ ఉండాదని ఎవురూ చెప్పలేదే."

"పుట్టినప్పట్నుంచి ఉండాది," అన్నది విశ్వాసమ్మ గుమ్మంలోంచి. "నీకు తెలీదా?"

"నాకెట్ల తెలుస్తాది? నా మెడను చూసేటోల్లు మీరు గదా."

ఆ మాటతో వాకిట్లో కట్ట తెగింది. తమ మెడల మీద ఏముందో, వీపు మీద రవికె ఎట్లా కుదిరిందో, వయసు ఎంత మీద పడిందో చూసుకోని ఆడవాళ్లు అక్కడ బోలెడుమంది. ఒకరి వెనక ఒకరు లోపలికి వచ్చారు. ఒకామె నోరు తెరిచి పళ్లు చూసుకుంది. ఒకామె అచ్చం వాళ్ల అమ్మ లాగా ఉందని తెలుసుకొని, చచ్చిపోయిన తల్లిని పలకరించినట్టు "బాగుండావా" అని అడిగింది. ఎవరి చెయ్యి తగిలినా కృష్ణవేణమ్మ మంచం దిగి వచ్చి పంచె గుడ్డతో తుడిచేది. "వేలు పెట్టి చూడొద్దే, కండ్లు పెట్టి చూడండి," అని గదమాయించేది. గడప సంగతి అప్పటికి ఆమెకే గుర్తు లేదు.

గుడిలో గంట మోగింది, మళ్లీ మోగింది. పెళ్లి చేసే అయ్యగారు కబురు పంపారు. కబురు తెచ్చిన మనిషి కూడా వరసలో నిలబడిపోయాడు. చివరికి అయ్యగారే కోటు వేసుకొని విసవిసా వచ్చారు. వెనకనే, పెళ్లికూతురు ఏమైపోయిందోనన్న బెంగతో, పెళ్లికొడుకు దావీదురాజు.

"దేవుని మందిరంలో జనం కాచుకొని ఉంటే..." అని మొదలుపెట్టిన అయ్యగారికి అద్దంలో తన కోటు గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నట్టు కనిపించింది. మాట మింగి, వెనక్కి తిరిగి గుండీలు సరిచేసుకున్నారు.

దావీదురాజు గుమ్మంలోనే బిక్కచచ్చి నిలబడ్డాడు. ఆడవాళ్లందరూ అతన్ని ఒక్కసారిగా చూశారు.

"ఈ అబ్బి కూడా చూసుకోవాల గదా," అన్నది ఎవరో. "పెండ్లి ఆమెకొక్కదానికేనా?"

మగవాళ్లు చూసుకోవడం అంతకు ముందు ఏ పెళ్లిలోనూ లేదు. సుబ్బరత్నమ్మ ఒక్క క్షణం ఆలోచించి, అతని మోచేయి పట్టుకొని అద్దం ముందుకు తోసింది. అతను నిలబడగానే కృపమణి సగం మాయమైంది. ఆమెను సరిగా నిలబెడితే అతని భుజం, చెవి చట్రం బయటికి పోయాయి. ఇద్దరూ బిగుసుకొని, మధ్యలో మర్యాదగా జానెడు సందు వదిలి, ఎటు చూడాలో తెలియక అద్దంలోనే ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. పడసాల నిండా నవ్వులు. అయ్యగారు కూడా నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగారు.

సుబ్బరత్నమ్మ వెనక నుంచి ఇద్దరి భుజాల మీద చేతులు వేసింది.

"ఇంకొంచెం దగ్గరికి జరగండి నాయనా," అన్నది. "దీని వెడల్పు ఇంతే."